మూడుతో భాగిస్తే శేషమెంత?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలు నా చేత రాత్రంతా జాగారం చేయించింది. ఎక్కడో ఒక్క అక్షరం ఎగిరిపోయింది, అంతే! పిన్‌కోడ్ మొదటి అంకె వెళ్ళి పేరు చివర కూర్చుంది, ఆ తర్వాతవన్నీ చెత్తే. సరిగ్గా ఇలాంటి బగ్గులతోనే జన్యువుల కోడు గుట్టు లాగారని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలీలేదు.

1961, కేంబ్రిడ్జి. డీఎన్‌ఏని అక్షరాలుగా చదివే సాంగర్ పద్ధతి 1977లో గానీ రాలేదు. అంటే క్రిక్, బ్రెనర్, బార్నెట్, వాట్స్-టోబిన్‌లకి సోర్స్ కోడ్ కనబడదు. చేతిలో ఉన్నదల్లా టీ4 అనే వైరస్సు, దాన్ని పెంచే బాక్టీరియా. వైరస్ పెరిగితే పాస్, లేకపోతే ఫెయిల్. ప్రోఫ్లావిన్ అనే రసాయనం ఒక అక్షరాన్ని చేరుస్తుందో, తీసేస్తుందో అయ్యుండాలని ఊహించి, చేరిస్తే ప్లస్, తీస్తే మైనస్ అనుకున్నారు. ఒక ప్లస్, దగ్గర్లోనే ఒక మైనస్ కలిస్తే వైరస్ బతికింది. రెండు ప్లస్‌లయితే ఫెయిల్. మూడు ప్లస్‌లయితే మళ్ళీ పాస్! కోడు మూడేసి అక్షరాలదని అలా తేలింది.

నమ్మకం కుదరకపోతే "రమణ కమల పలక కడవ" తీసుకోండి. 'మ' బదులు 'వ' పడితే 'రవణ' అవుతుంది, ఒక్క మాటే చెడింది. 'మ' పోతే "రణక మలప లకక డవ", అంతా గోవిందా. దాంతోపాటు 'కమల'లో 'క', 'పలక'లో 'ప' కూడా తీసేయండి: "రణమ లలక కడవ". కడవ దక్కింది!

ఇదేదో కాలక్షేపం లెక్క కాదండోయ్. డిస్ట్రోఫిన్ జన్యువులో ముక్క ఎగిరిపోతే కొందరు పిల్లలకి డుషేన్ వ్యాధి వస్తుంది, పన్నెండేళ్ళు దాటకుండానే చాలామంది చక్రాల కుర్చీకి చేరతారు. ఇంకొందరికి తేలికరకం, బెకర్. తేడా ఎక్కువగా పోయిన ముక్క సైజులో లేదు, అది మూడుతో నిశ్శేషంగా భాగించబడుతుందా లేదా అన్నదాంట్లో ఉందని 1988లో మొనాకో బృందం చెప్పింది. ప్రొటీన్ కోడులో 46 శాతం పోయినా 61వ ఏట నడుస్తున్న మనిషి గురించి 1990లో ఒక పేపరొచ్చింది. 2016లో అమెరికా అనుమతించిన ఎటెప్లిర్సెన్ మందు చేసేదీ అదే: లెక్క సరిపోవడానికి ఇంకో ముక్కని దాటవేయించడం. అది ఎంత మేలు చేస్తుందన్నదానిపై వాదనలున్నాయి గానీ, ఆలోచన మాత్రం 1961 నాటిదే.

అందుకే జెనెటిక్ రిపోర్టులో 'డిలీషన్' అని కనబడగానే ఎంత పోయిందని కంగారుపడేముందు, డాక్టరుగారిని శేషమెంతో అడగండి. మాడ్యులో ఆపరేటర్‌ని నేనింతకాలం సరి, బేసి చూడ్డానికే వాడాను మరి!