నాలుగో వైపు

మన శాసనాలలో పెక్కు ‘స్వస్తి’ అనే మంగళవాచకంతో మొదలై శాపంతో ముగుస్తాయి. ముందుగా రాజుగారి బిరుదావళి, ఆపై శకవర్షం, తిథి, దాత పేరు, దానం. చిట్టచివర ఆ ధర్మాన్ని చెరిచినవాడికి పట్టే దుర్గతి. దానానికీ శాపానికీ నడుమ ఎవరూ అంతగా పట్టించుకోని నాలుగైదు పంక్తులుంటాయి. ఈ వ్యాసం ఆ పంక్తులను గురించి. వాటిని చేజేతులా పోగొట్టుకున్న మా తప్పును గురించి కూడా.

మాది గోదావరి సీమలో ఒక చిన్న పట్టణం. ఇక్కడొక చరిత్ర సంఘం ఉంది. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. గ్రంథాలయం వెనుక ఒక గది, రెండు బీరువాలు, ఒక బల్ల. సభ్యులలో పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు ఒకరు, ఒక దర్జీ, ఒక ప్లీడరు గుమాస్తా, తెలుగు పండితుడిగా పనిచేసిన నేను. జీతం లేని కొలువు. 2009 నుంచి ఆదివారం పూట ఉన్నత పాఠశాల పిల్లలకు రెండు గంటలు చరిత్ర పాఠం చెబుతున్నాం.

ఇటువంటి జీతం లేని కొలువు మన జాతికి కొత్త కాదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర గ్రంథాలను తెలుగులో అచ్చువేయించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో గతించగా, తెలంగాణలో శాసనాలు సేకరించే సంస్థ ఆయన పేరనే లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. దానికి వెన్నెముకగా నిలిచిన ఆదిరాజు వీరభద్రరావుగారు బడిలో తెలుగు చెప్పిన పండితుడే. ఆ మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించింది. ఇటు రాజమహేంద్రవరంలో 1922లో, అంటే రాజరాజనరేంద్రుని పట్టాభిషేకం జరిగిన తొమ్మిది వందల ఏళ్ళకు, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలిసింది. విశ్వవిద్యాలయాల అండ అంతగా లేని రోజుల్లో బడిపంతుళ్ళూ, ప్లీడర్లూ, గ్రంథాలయ ప్రియులూ కాలినడకన ఊళ్ళు తిరిగి మనకొక చరిత్ర కూర్చి పెట్టారు. మేము వారి అడుగుజాడల్లో నడుస్తున్నామనే గర్వం మాకుండేది. ఆ గర్వమే ఒకచోట మా కొంప ముంచింది.

మా పాఠక్రమం చెబుతాను. మొదటి నెల అక్షరాలు. శకటరేఫం ఎలా ఉండేదో, తమిళులు నేటికీ పలుకుతూ మనం ఎన్నడో విడిచిపెట్టిన ఆ ళకారం వంటి అక్షరం ఏదో నల్లబల్ల మీద రాసి చూపిస్తాను. రెండో నెల కాలగణన. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని తెలిసిన నాడు పిల్లల ముఖాలు చూడాలి. తాళంచెవి దొరికినట్లు సంబరపడతారు. తరువాత నకలు తీయడం. రాతిని నీటితో శుభ్రంగా కడిగి, తడి కాగితం పరచి, కుంచెతో మెల్లగా మోదితే అక్షరాల గుంటల్లోకి కాగితం దిగుతుంది. కాస్త ఆరనిచ్చి సిరాగుడ్డతో అద్దితే రాయి నల్లగానూ అక్షరం తెల్లగానూ తేలుతుంది. పెద్దల అనుమతి లేనిదే ఏ రాతినీ ముట్టరాదనీ, సుద్దముక్కతో అక్షరాలు దిద్దరాదనీ ముందే ఒట్టు వేయిస్తాం. చీకటి పడ్డాక పక్కనుంచి టార్చిలైటు ఏటవాలుగా వేస్తే పగలు కనబడని అక్షరం కూడా లేచి నిలబడుతుందని మాకు చెప్పినవాడు మా దర్జీ.

పిల్లలకు అన్నిటికన్నా నచ్చేది దీపం లెక్క. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలున్నాయి. వాటిని 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చువేశారు. వాటిలో అఖండదీప దానాలు బహుళం. దాత నూనె డబ్బా ఇచ్చి చేతులు దులుపుకోడు, పశువులను ఇస్తాడు. యాభై గొర్రెలను ఒక కాపరికి అప్పగిస్తే, అతడూ అతని సంతతివారూ ఆచంద్రార్కం రోజుకు మానెడు నెయ్యి గుడికి పోయాలి. మంద తరిగిపోకుండా చూసుకునే పూచీ కూడా కాపరిదే. ఆనాటి ధర్మం ఎంత పకడ్బందీ లెక్క మీద నడిచిందో పిల్లలు ఈ ఒక్క దీపంతో గ్రహిస్తారు.

2014లో ఒక ఆదివారం ఈ లెక్క చెబుతుండగా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచాడు. గొర్రెలు కాసుకునే కుటుంబం వాళ్ళది. ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు.

“మేష్టారండీ, గొర్రెలిచ్చినోళ్ళ పేరు రాశారు కదండీ. కాసినోళ్ళ పేరు కూడా రాస్తారాండీ?”

“రాస్తారురా. ఫలానా బోయ కొడుకు ఫలానా బోయ చేపట్టెను అని పేరూ ఊరూ చెబుతారు. వాడు లేకపోతే దీపమే లేదు” అన్నాను.

“మన ఊరి గుళ్ళో స్తంభం మీద కూడా ఉంటాయాండీ?”

ఉంటాయన్నాను. ఆ స్తంభం మాకు సుపరిచితం. నాలుగు పలకల రాయి, లిపిని బట్టి పన్నెండో శతాబ్దం నాటిది. మేము వెదికిన సంపుటాలలో ఎక్కడా అచ్చు కాలేదు. మొదటి రెండు వైపులా నకలు తీశాం. వంశం దొరికింది, రాజు దొరికాడు, శకవర్షం దొరికింది. ఊరి పత్రికా విలేఖరిని పిలిచి ఫోటో కూడా తీయించుకున్నాం. మూడో వైపు దీపదానం మొదలైంది. నాలుగో వైపు గోడకు దగ్గరగా ఉంది. దానిపై దళసరిగా సున్నం, ముందు వంటపాత్రల బీరువా. కాపరుల పేర్లు ఉండవలసినది ఆ వైపే. బీరువా జరిపించాలి, సున్నం ఓపికగా ఒలవాలి. “సంక్రాంతి సెలవుల్లో చూద్దాంలేరా” అని ఆ పిల్లవాడితో అన్నాను.

సంక్రాంతికి ముందే గుడి జీర్ణోద్ధరణ మొదలైంది. నాలుగు రోజులు నేను ఊళ్ళో లేను. వచ్చేసరికి ఇసుకను గాలితో జోరుగా కొట్టే యంత్రంతో స్తంభాలన్నిటికీ సున్నం వదలగొట్టారు. స్తంభం కొత్త రాయిలా మెరుస్తున్నది. చేత్తో తడిమితే నాలుగో వైపు నున్నగా తగిలింది. అక్కడక్కడా ఒక కొమ్ము, ఒక సున్న మిగిలాయి. ఒక్క పేరూ కూడలేదు.

పనివాళ్ళను నేను నిందించలేదు. వారికది సున్నం పేరుకున్న రాయి. పని చేయించినవారికి అది శాసనమని ముందుగా ఒక కాగితం రాసి ఇవ్వని దోషం మాది. అంతకన్నా పెద్ద దోషం మరొకటి ఉంది. రాజు పేరు దొరకగానే మాకు చరిత్ర దొరికిపోయిందనిపించింది. మిగిలినది తీరిక చూసుకుని చేయవలసిన పని అనుకున్నాం. బిరుదావళి దాదాపు అదే మాటలతో ఇతర శాసనాలలోనూ కనిపిస్తుంది. మా స్తంభం మీద అది చెరిగినా లోకానికి పెద్ద నష్టం లేదు. ఆ కాపరుల పేర్లు మాత్రం ప్రపంచంలో మరెక్కడా లేవు.

సింథియా టాల్బట్ అనే అమెరికా చరిత్రకారిణి కాకతీయుల నాటి ఆంధ్రదేశాన్ని గురించి 2001లో ఒక గ్రంథం వెలువరించారు. రాజుల కోసమే కాక దాతల కోసం, రెడ్ల, సెట్ల, బోయల, స్త్రీల పేర్ల కోసం ఆమె శాసనాలను చదివిన తీరు చూసి నాకు సిగ్గేసింది. అంత దూరం నుంచి వచ్చినవారికి కనబడిన పంక్తులు, ఆ గుడి నీడన పెరిగిన నాకు బీరువా వెనుక ఉండిపోయాయి.

అప్పటినుంచి మా సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ శాసనమైనా నకలు చివరి పంక్తి నుంచి మొదలుపెడతాం. గోడవైపు ముందు, వీధివైపు తరువాత. ఏ ఊళ్ళో గుడి పని తలపెట్టారని తెలిసినా ముందుగా వెళ్ళి శాసనం ఎక్కడుందో చూపించి, కాగితం రాసి ఇచ్చి వస్తాం. ఇందుకు పాండిత్యం అక్కరలేదు. పిల్లలు మాకంటే చురుగ్గా చేస్తున్నారు.

ఆ పిల్లవాడికి జరిగింది చెప్పాను. “పోనీలెండి మేష్టారండీ” అన్నాడు. పెద్దవాళ్ళను ఓదార్చే ఆ మాట ఆ వయసువాడి నోట వినడం కష్టంగా తోచింది. తరువాతి ఆదివారాల్లో వాడు రాలేదు. పదో తరగతి కాగానే కుటుంబంతో ఊరు విడిచి వెళ్ళాడని విన్నాను. వాడి ప్రశ్నకు నేను చూపించవలసిన సమాధానం ఒకటి బాకీ పడి ఉంది. అది ఇక తీరేది కాదు.

మీ ఊరి గుళ్ళోనూ, చెరువుగట్టునా ఇటువంటి రాయి ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్కమారు దాని వెనుకవైపుకు వెళ్ళి చూడండి. ఫోటో తీసి ఉంచండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు, చదివేవారు తరువాత వస్తారు. అంతవరకు అక్షరం మిగిలి ఉండాలి.