లస్కరు ఎవరివాడు?
(రక్షణశాఖ సివిల్ ఉద్యోగులూ, సైనిక రాయితీలూ)

సికింద్రాబాదును పాతతరంవారు లష్కర్ అనేవారు. ఆషాఢమాసంలో అక్కడ జరిగే బోనాలకు నేటికీ లష్కర్ బోనాలనే పేరు. లష్కర్ అంటే ఫారసీలో సైన్యం, దండు. 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన ఇంగ్లీషువారి దండు చుట్టూ ఆ ఊరు పెరిగింది. పటాలాలకు సరుకులమ్మిన అంగళ్ల జ్ఞాపకం రెజిమెంటల్ బజారు అనే పేట పేరులో మిగిలింది. అదే మాట మరొక దారిన నడిచి ‘లస్కరు’ అయింది. లస్కరు సైనికుడు కాడు. గుడారాలు పాతేవాడు, బరువులు మోసేవాడు. మన జిల్లాల్లో కాలువ తూముల దగ్గర కాపలా ఉండే చిరుద్యోగికి కూడా అదే పేరు. దండు పేరు దండుకు చాకిరీ చేసేవాడికి దక్కింది. దండులో స్థానం మాత్రం దక్కలేదు. ఈ వ్యాసానికి వస్తువు ఆ వైరుధ్యమే.

సైనికులకు లభించే ధరల రాయితీలు రక్షణశాఖలోని సివిల్ ఉద్యోగులకు కూడా ఉండాలా, వద్దా అన్నది ప్రశ్న. సబ్బుబిళ్ల మీదా, కుక్కరు మీదా మిగిలే నాలుగు రూపాయల గురించి ఇంత చర్చ ఎందుకని కొందరికి తోచవచ్చు. కాని ఈ రాయితీ ఏ వ్యాపారి దానమూ కాదు. స్వతంత్ర భారత ప్రభుత్వం 1948 జనవరి 1న క్యాంటీన్ స్టోర్స్ డిపార్టుమెంటును బొంబాయి కేంద్రంగా నెలకొల్పింది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు, ఈ శాఖ కొన్న సరుకుపై చెల్లించిన పన్నులో సగం తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే ధరలోని తగ్గింపులో కొంత ప్రజల ఖజానానుంచే వస్తున్నది. కాబట్టి దానిని ఎవరికిస్తున్నారు, ఎవరికివ్వడం లేదు అన్న ప్రశ్న రాజకీయ ప్రశ్నే అవుతుంది.

రక్షణ పద్దునుంచి జీతం పొందే శాశ్వత సివిల్ ఉద్యోగులకు క్యాంటీను కార్డు ఉన్నమాట నిజమే. కాని ఆ కార్డుల్లోనూ తరగతులున్నాయి. ఒకరికున్న వాటా మరొకరికి ఉండదు. గుత్తేదారు కింద అదే ఆవరణలో పనిచేసేవాడికి ఏ కార్డూ లేదు. సివిల్ ఉద్యోగికి ఇచ్చింది కూడా హక్కుగా కాక, దయగా ఇచ్చినట్టే చెప్పుకొంటారు. ఆ దయ వెనుక ఉన్న చరిత్రను కాస్త చూద్దాం.

కంపెనీ కాలపు సైన్యం వెంట వంటవాళ్లు, నీళ్లు మోసే బీస్తీలు, గుర్రపు సాయీసులు, క్షతగాత్రులను మోసే డోలీబోయీలు, పాకీపనివారు నడిచారు. వారు లేనిదే ఏ పటాలమూ ఒక్క మజిలీ కదలలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనదేశంనుంచి 1919 చివరిదాకా చేర్చుకున్న 14 లక్షల 40 వేల మందిలో 5 లక్షల 63 వేలమంది ఆయుధం పట్టనివారే. ఇంకొకవైపు, 1801లో కలకత్తా దగ్గర కాశీపూరులో పెట్టిన తుపాకీ బండ్ల కర్మాగారంతో మొదలై, 1984లో మెదకు జిల్లా ఎద్దుమైలారంలో వెలసిన యుద్ధశకటాల కర్మాగారందాకా ఆయుధ కార్మికవర్గం పెరిగింది. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు చేసిన ఐదురోజుల సమ్మెలో ఈ కార్మికులూ నిలిచారు. ఆర్డినెన్సుతో ప్రభుత్వం దాన్ని అణచివేసింది.

ఇక అసలు ఘట్టం మన నగరంలోనే జరిగింది. సికింద్రాబాదు, హైదరాబాదుల్లోని సైనిక కేంద్రాల సివిల్ ఉద్యోగులు సంఘాలు పెట్టుకున్నారు. వంటవాళ్లు, చౌకీదార్లు, లస్కర్లు, మంగళ్లు, వడ్రంగులు, మెకానిక్కులు, చెప్పులు కుట్టేవారు, దర్జీలు – వీరే ఆ సంఘాల సభ్యులు. ఆ సంఘాలు చట్టవిరుద్ధమని సైనికాధికారి ప్రకటించాడు. నాయకులు కోర్టుకు వెళ్లారు. కుటిలింగల్ అచ్యుతన్ నాయర్ కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1975 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వీరు పోరాడేవారు కాకపోయినా, సివిల్ సర్వీసు నిబంధనలకు లోబడినవారైనా, సైన్యంలో అంతర్భాగమే అన్నది దాని సారాంశం. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాల సభ్యుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికరణం కిందికి మంగలీ, దర్జీ కూడా వచ్చారు. సంఘం పోయింది.

అంతటితో ఆగలేదు. ప్రభుత్వోద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదని 311వ అధికరణం చెబుతుంది. రక్షణకు సంబంధించిన పదవిలో ఉన్నవాడికి ఆ రక్షణ వర్తించదని 1971లో ఖురానా కేసులో కోర్టు తేల్చింది. 1983లో సరిహద్దు రోడ్లు వేసే ఇంజనీరింగు దళాన్ని గురించీ, వారు సాయుధ దళాల్లో అంతర్భాగమేనని చెప్పింది. 2021లో ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడగొట్టే వేళ, సమ్మెను నేరంగా చేస్తూ అత్యవసర రక్షణ సేవల చట్టం వచ్చింది.

పాఠకులు ఇక్కడి తర్కాన్ని గమనించాలి. సంఘం పెట్టుకుంటానంటే నీవు సైన్యంలో భాగం అంటారు. ఉద్యోగానికి రక్షణ కావాలంటే నీది రక్షణ పదవి అంటారు. సైనికుడికున్న రాయితీ అడిగితే మాత్రం నీవు సివిలియన్‌వి అంటారు. నోరు కట్టేటప్పుడు సిపాయి, కంచం పెట్టేటప్పుడు పౌరుడు!

దీనికి ఎదురువాదం లేకపోలేదు, అది తేలికైనదీ కాదు. జవాను సియాచిన్ మంచులో నిలబడతాడు. ఇష్టమైనప్పుడు ఉద్యోగం మానలేడు. నలభై నిండకుండానే చాలామంది ఇంటిదారి పడతారు. సివిల్ ఉద్యోగి అరవై ఏళ్లదాకా జీతం అందుకుంటాడు. రాయితీ ఈ కష్టానికి పరిహారం అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. జవాను నోటి దగ్గరిది తీసి లస్కరుకు పెట్టమని ఎవరూ అనడం లేదు. కాని కష్టమే కొలత అయితే, ఆ కొలతతోనే అందరినీ కొలవాలి. ఢిల్లీ కార్యాలయంలో ఫైళ్ల మధ్య కూర్చున్న అధికారికి ఉన్న రాయితీ, మందుగుండు మధ్య నిలబడ్డవాడికి ఎందుకు తగ్గాలి? 2016 మే 31న పుల్గాం ఆయుధాగారంలో మంటలు లేచినప్పుడు చనిపోయినవారిలో ఎక్కువమంది అగ్నిమాపక సిబ్బంది. 2025 జనవరి 24న భండారా కర్మాగారంలో జరిగిన పేలుడు ఎనిమిదిమందిని బలిగొన్నది. మందుగుండు యూనిఫారం చూసి పేలదు.

ఇక ఈ రాయితీ సరుకును తూచి ఇచ్చేవారి గతి చూడండి. పటాలాలు నడిపే క్యాంటీన్ల పనివారు ప్రభుత్వోద్యోగులేనని 2001లో సుప్రీంకోర్టు అన్నది. 2009లో పిళ్లై కేసులో, కారనీ, ఆ పాత తీర్పు తప్పనీ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చౌక సరుకుల బీరువా ముందు నిలబడినవాడికే చౌకగా దొరికింది ఒక్కటే – అతని శ్రమ.

అయితే మనం ఏమి కోరాలి? సైనికుడికిచ్చినదంతా సివిల్ ఉద్యోగికీ ఇవ్వాలన్న కోరిక న్యాయమైనదే. అందులో గుత్తకార్మికుణ్ణి వదిలిపెట్టకూడదు. కాని అక్కడితో ఆగితే పొరపాటు. రాయితీ కార్డు హక్కుకు బదులు కాదు. జీతంలో ఇవ్వవలసినదాన్ని సరుకుల ధరలో ఇస్తే, ఇచ్చినవాడు దాతగా, పుచ్చుకున్నవాడు ఆశ్రితుడుగా మిగిలిపోతారు. కార్డు కోసం మనం మాట్లాడినంత గట్టిగా 1975 తీర్పు గురించి మాట్లాడామా? ఈ ఆత్మవిమర్శ అభ్యుదయ శక్తులకు అవసరం. పైగా చౌకధర అవసరం కంటోన్మెంటు గోడతో ఆగదు. గోడకు బయట కూలికెళ్లే తల్లి కొనే పప్పుకూ, నూనెకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

పాలకులు రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. లస్కరు దండులోనివాడే అయితే దండుకున్న సౌకర్యమంతా అతనికీ రావాలి. కాడంటే, అతని సంఘాన్ని అతనికి తిరిగి ఇవ్వాలి. రెండూ ఇవ్వకుండా రెండు వందల ఏళ్లు గడిపారు. ఆ లెక్క ఇంకా తీరలేదు.