తాళంచెవి ఎవరి దగ్గర: ఇంటి కంప్యూటర్‌లో ఎన్‌క్రిప్షన్ పరిణామం

ఎన్‌క్రిప్షన్ అంటే ఫైళ్లను తాళంచెవి లేనివారికి అర్థం కాని రూపంలో డిస్కుపై ఉంచే ఏర్పాటు. దాని చరిత్ర చెప్పేవారు సాధారణంగా 1977 నాటి డీఈఎస్ ప్రమాణం నుంచి 2001 నాటి ఏఈఎస్ దాకా గణిత సూత్రాల బలాన్నే లెక్కగడతారు. ఆ వరుస తప్పు కాకపోయినా, విశాఖపట్నం వంటి నగరంలో ఇంట్లో కంప్యూటర్ వాడేవారికి కలిగిన మేలుకీడులను నిర్ణయించింది సూత్రం కన్నా తాళంచెవి ఉన్న చోటే.

విండోస్ 2000తో వచ్చిన ఈఎఫ్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ఏర్పాటు ప్రతి ఫైలునూ ప్రత్యేకమైన కీతో మార్చి, ఆ కీని వినియోగదారు పబ్లిక్ కీతో మూసేది. దాన్ని తెరిచే ప్రైవేట్ కీకి పాస్‌వర్డే కాపలా. అయితే ఏ ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ చేరని కంప్యూటర్‌లో, అందరి ఫైళ్లనూ తెరవగల ‘రికవరీ ఏజెంట్’ హోదా అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు దానంతటదే దక్కేది. ఆ హోదాకు చెందిన కీ కూడా అదే డిస్కుపై ఉండటంతో, యంత్రం చేజిక్కించుకున్నవాడు పాస్‌వర్డ్ మార్చి ఫైళ్లు చదవగలిగేవాడు. ఆ కీని బయటికి తీసి దాచుకోమని మైక్రోసాఫ్ట్ చెప్పకపోలేదు గనుక నింద అంతా ఆ సంస్థదే అనడం న్యాయం కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఆ హోదాను తీసేసి దొంగకు దారి మూసింది గానీ, తన కీ ఉన్న సర్టిఫికెట్‌ను విడిగా దాచుకోని సొంతదారుకూ దారి మూసుకుపోయింది. ఫార్మాట్‌తో డిస్కుపై ఉన్న కీ కూడా పోతుంది గనుక, కంప్యూటర్ నెమ్మదిస్తే ఫార్మాట్ కొట్టించడమే మందుగా చెల్లిన ఆ రోజుల్లో, విశాఖలో గాజువాకలోనైనా ద్వారకానగర్‌లోనైనా ఇది చిన్న ప్రమాదం కాదు. ఇక ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్‌లో, పేరు ఇంటిదే అయినా, ఈఎఫ్ఎస్ లేనే లేదు.

విండోస్ విస్టాతో వచ్చిన బిట్‌లాకర్ డిస్కు మొత్తానికీ రక్షణ కల్పించి, కీ కాపలాను కంప్యూటర్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్‌కు అప్పగించింది. 2013లో వచ్చిన విండోస్ 8.1 నుంచి, తగిన హార్డ్‌వేర్ ఉన్నచోట, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే అమలై, డిస్కును తెరవగల రికవరీ కీ కంపెనీ సర్వర్‌కు చేరుతోంది. మరచిపోయేవారికి ఇది మేలే. అయినా సొంతదారుకు సరిగా తెలియకుండానే కీ పరుల దగ్గరకు వెళ్లడం మెచ్చదగింది కాదు. పైగా ఈ రక్షణ దొంగిలించిన ల్యాప్‌టాప్‌కే వర్తిస్తుంది, లాగిన్ అయి ఉన్న యంత్రానికి కాదు. 2017 మేలో విశాఖ సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లను తాకిన వానాక్రై, ఎన్‌క్రిప్షన్‌నే ఆయుధంగా చేసుకుని ఫైళ్లను బందీ చేసే రకం హానికర ప్రోగ్రామ్. అటువంటి దాడిని బిట్‌లాకర్ ఆపదు. దాన్ని తట్టుకోవాలంటే వేరే డిస్కులో ఫైళ్ల నకలు ఉండాలి. బిట్‌లాకర్ వాడే ఇంట్లో 48 అంకెల రికవరీ కీ కాగితంపై కూడా ఉండాలి.