యాసంగి పంట ఏది?

పరీక్షయ్యాక పిల్లల ప్రశ్నపత్రం పట్టుకుని తల్లిదండ్రులు వాదులాడుకోవడం నా చిన్నప్పుడు ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని మా పెద్దకొడప్‌గల్‌లో లేదు. పిల్లవాడు ఒప్పు రాశాడా, తప్పు రాశాడా అన్నదొక్కటే మాట. ప్రశ్నలోనే తప్పుండొచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు. ప్రాథమిక బడిలో పంతులుగా చేరి అక్కడే రిటైరైన వాణ్ని కాబట్టి, ఆ ఊహ మా ఊరికి ఏ దారిన వచ్చిందో కళ్లారా చూశాను. ఇది మంచి మార్పని నా గట్టి నమ్మకం. అందుకే రాసిపెడుతున్నాను.

మా నాయిన చదివింది నిజాం కాలపు తహతానియాలో. దాని మీద వస్తానియా, ఆపైన ఫౌఖానియా. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనే ఉర్దూలో సాగేది కాబట్టి, పైకి పోవాలంటే ఉర్దూ రావాల్సిందే. ఇంట్లో తెలుగు, అంగడిలో మరాఠీ, కచేరిలో ఉర్దూ. మా పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లయితే 1956 దాకా నాందేడ్ జిల్లా దేగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనతో అవి నిజామాబాద్ జిల్లాలో కలిశాయి. ఆ తరం తండ్రుల్లో ఎక్కువమంది బడి ముఖం చూడలేదు. చూసిన కొద్దిమందిలో ఒకరిది ఉర్దూ చదువు, ఇంకొకరిది మరాఠీ చదువు. బిడ్డ చేతిలోని కాగితం మాత్రం తెలుగులో ఉండేది. చదవలేని ప్రశ్నను తప్పుపట్టేదెట్లా? వాళ్ల మౌనాన్ని అణకువ అనడం నాకు నచ్చదు. అప్పటికి వాళ్ల దగ్గర మాట్లాడేందుకు పనిముట్టు లేదు, అంతే.

పంతులు అడిగే ప్రశ్నలు కూడా వేరే తీరుగా ఉండేవి. 'నీటి ఉపయోగాలు రాయుము' అంటే పిల్లవాడు పది రాసినా చెల్లేది, నాలుగు రాసినా చెల్లేది. అటువంటి ప్రశ్నలో సందిగ్ధం ఉన్నా, అది జవాబు పొడుగులో కలిసిపోతుంది. ఒక్క అక్షరంతో జవాబు చెప్పమన్నప్పుడే అది బయటపడుతుంది. ఆ ఒక్క అక్షరం మన బళ్లలోకి చాలా దూరం నుంచి వచ్చింది. 1952-53లో మొదలియార్ కమిషన్ వ్యాసరూప పరీక్షల ఆధిపత్యం తగ్గించి, ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చేర్చమంది. 1950ల చివర్లో అమెరికా నుంచి బెంజమిన్ బ్లూమ్ వచ్చి మన దేశంలో పరీక్షల సంస్కరణ మీద వర్క్‌షాపులు నడిపాడు. అదంతా ఢిల్లీ సంగతి. మా పల్లెకు చేరేసరికి దాని పేరు బిట్ పేపర్. ఏడో తరగతి కామన్ పరీక్షలోనూ పదో తరగతిలోనూ చివర ఇచ్చే ఆ కాగితంలో బ్రాకెట్లో ఏ, బీ, సీ, డీల్లో ఒకటి పెట్టాల్సి ఉండేది. పిల్లలు బయటికి రాగానే ఒకరినొకరు అడిగేది ఆ బిట్లే. తల్లిదండ్రులు అప్పటికింకా గేటు అవతలే ఉన్నారు.

వాళ్లను గేటు లోపలికి తెచ్చింది సైన్సు కాదు, కొలువుల పరీక్షలు. మా ఊళ్లో డిగ్రీ దాకా చదివిన మొదటి తరం డీఎస్సీ రాసింది, కానిస్టేబుల్ రాసింది, 2011 నుంచి టెట్ రాసింది, తెలంగాణ వచ్చాక గ్రూప్స్ రాసింది. ఆ పరీక్షలకొక పద్ధతుంది. ముందు ప్రాథమిక కీ వస్తుంది, దాని మీద అభ్యంతరాలు తీసుకుంటారు, ఆ తర్వాత తుది కీ. ఒక ప్రశ్నకు రెండు జవాబులు సరైనవని తేలితే రెంటికీ మార్కులిస్తారు, లేదా ప్రశ్ననే తీసేస్తారు. సర్కారు అచ్చేసిన ప్రశ్న కూడా తప్పు కావచ్చని, దాన్ని రుజువుతో ఎదిరించొచ్చని మా ఊరి యువకులు అక్కడ నేర్చుకున్నారు. కొలువు వచ్చినవాళ్లూ రానివాళ్లూ పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్ల పిల్లలు బడికొచ్చారు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది, ఎనిమిదో తరగతి లోపు బోర్డు పరీక్షలు పోయాయి. ప్రాథమిక బడి పిల్లలకు పరీక్ష భయం తీరిందనుకున్నాం. కానీ గురుకులాల ఐదో తరగతి సీటు కోసం నాలుగో తరగతి పిల్లలు రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. నూరు మార్కులు, ఓఎంఆర్ పత్రం. అందులో పరిసరాల విజ్ఞానానికి 20. సీటొస్తే బిడ్డకు తిండి, బట్ట, పుస్తకం, చదువు అన్నీ దొరుకుతాయి. ఒక్క మార్కు తేడాతో సీటు పోయిన ఇల్లు చూసినవాళ్లెవరూ, ఒక బిట్ కోసం ఇంత గొడవ దేనికి అని అడగరు.

పరీక్ష నాటి సాయంత్రం తల్లిదండ్రులు పిల్లలతో మా అరుగు మీద చేరేవాళ్లు. పిల్లలు గుర్తున్నంత చెప్పేవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా గుర్తుండేది. అసలు ప్రశ్న ఏమిటో తేల్చడానికే సగం పొద్దు పోయేది. ఒకసారి మా బడి నమూనా పరీక్షలోని బిట్ మీద పెద్ద వాదం నడిచింది. 'కింది వాటిలో యాసంగి పంట ఏది? వరి, శనగ, పత్తి, సోయా.' గైడ్‌లో జవాబు శనగ. మా దిక్కు రేగడి నేలల్లో వానాకాలం సోయా, పెసర, మినుము, కంది వేస్తారు. శనగ యాసంగికే. ఆ లెక్కన గైడ్ సరే. కానీ మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద రెండు కార్లూ వరే పండిస్తారు. బోరున్న రైతుకు మా ఊళ్లోనూ యాసంగి వరి ఉంది. ఒక తండ్రి అన్నాడు, "సార్, నా పొలంల ఇప్పుడు నాటున్నది వరే గదా. నా బిడ్డ వరి అని పెడితె తప్పెట్లయితది?" ఇంకో తండ్రి, "అన్నా, వరి రెండు కార్లు పండుతది, శనగ యాసంగిల తప్ప పండది. అందుకే శనగ" అన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే. 'యాసంగిలో మాత్రమే పండేది ఏది' అని ఒక్క మాట చేర్చి ఉంటే ఆ గొడవ ఉండేది కాదు. ఆ ఒక్క మాట లేక నష్టపోయేది ఎవరు? పొలం చూసిన పిల్ల. పొలం చూడకుండా గైడ్ బట్టీపట్టిన పిల్లకు మార్కు పడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

సజీవులు, నిర్జీవులు వేరు చేయమన్న పట్టికలో ఒకసారి 'గింజ' వచ్చింది. పిల్లలు చాలామంది నిర్జీవుల్లో రాశారు. కదలదు, తినదు, పెరగదు. పాఠంలో చెప్పిన లక్షణాలతోనే చూశారు పాపం. ఒక తండ్రి ఒప్పుకోలేదు. "గింజల జీవం లేకుంటె మొలకెట్లొస్తది సార్?" సోయా రైతుకు ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. విత్తే ముందు నూరు గింజలు తడి గోనెసంచిలో పెట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. సోయా విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలని సర్కారు ప్రమాణం. అంటే ఆ పరీక్ష గింజలో ప్రాణం ఉందా లేదా అని చూసే పరీక్షే. అప్పుడు ఒక తల్లి, "మరి ఏంచిన పల్లిగింజ?" అని అడిగింది. అందరూ ఆగిపోయారు. ఎంత గొప్ప ప్రశ్న! ఎండిన గింజ లోపల పిండం నిద్రావస్థలో ఉంటుంది, మెల్లగానైనా శ్వాసిస్తుంది. వేయిస్తే అది చస్తుంది. పైకి చూస్తే రెండూ గింజలే. ఏ గింజో చెప్పకుండా 'గింజ' అని రాసి వదిలేసిన పట్టిక కంటే ఆ తల్లి అడిగిన మాటలోనే ఎక్కువ జీవశాస్త్రం ఉంది.

కొన్ని తగవులు ప్రశ్నతో రావు, పుస్తకంతో వస్తాయి. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు ప్లూటోను గ్రహాల లెక్కలోంచి తీసేశారు. మా ఇళ్లలో అన్న పుస్తకం తమ్ముడికి, అక్క పుస్తకం చెల్లెకు వస్తుంది. అందుకే గ్రహాలు తొమ్మిదని చెప్పే పుస్తకాలు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. తండ్రి తొమ్మిదని నేర్పేవాడు, పంతులు ఎనిమిదని కొట్టేసేవాడు. పిల్లవాడు ఎవరిని నమ్మాలి? ఇది పల్లె బడి సంగతే అనుకోవద్దు. 2024 నీట్‌లో పరమాణువు మీద వచ్చిన ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్తదాని ప్రకారం మరో జవాబు వచ్చింది. మొదట రెంటికీ మార్కులిచ్చారు. 720కి 720 వచ్చిన 67 మందిలో 44 మంది ఆ ప్రశ్న వల్లే ఆ మార్కులు అందుకున్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు అడిగితే ఐఐటీ ఢిల్లీ ముగ్గురు నిపుణులను కూర్చోబెట్టి, ఒకటే జవాబు సరైనదని తేల్చింది. నాలుగు లక్షల పైచిలుకు పిల్లల మార్కులు మారాయి. మా అరుగు మీద నడిచిన తగవే అక్కడ నల్లకోట్ల నడుమ నడిచింది.

ఇట్లా ఒక్క అక్షరం మీద తగవు పడకుండా పరీక్ష పెట్టే ఇంకో దారి మన దేశంలోనే ఉండేది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బళ్లలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం 2002 దాకా నడిచింది. అక్కడ పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు, ప్రయోగం కూడా చేసి చూపించాలి. బట్టీకి చోటు లేదు. ఆ కార్యక్రమాన్ని ఆపేయడం మన చదువుల చరిత్రలో పెద్ద నష్టమని ఇప్పటికీ అనుకుంటాను.

తల్లిదండ్రులకు సైన్సు ప్రశ్నలతో ఏం పని, మార్కుల ఆశతో అడ్డం తిరుగుతున్నారు అనే పంతుళ్లున్నారు. ఆశ ఉంటే ఉండనీ. గింజను తడిపి చూసినవాడు, రెండు కార్ల నాట్లు చూసినవాడు మాట్లాడేటప్పుడు మార్కు ఆశతో మాట్లాడినా ఆ మాటలో సత్యం తగ్గదు.

నేను కొలువులో ఉన్న చివరి రోజుల్లో, తల్లిదండ్రులు లేవనెత్తిన ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాసి, చుట్టుపక్కల బళ్ల పంతుళ్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పట్టుకుపోయాను. ఫార్మేటివ్ పరీక్షల పత్రాలు పంతుళ్లమే తయారు చేసుకునేవాళ్లం కాబట్టి మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఎక్కువసేపు చర్చ జరిగింది, అందరూ ఒప్పుకోలేదు. యాసంగి బిట్ మాత్రం మారింది. తర్వాతి పత్రంలో మేం పెట్టుకున్న ప్రశ్న ఇది: 'మీ ఊళ్లో యాసంగిలో వేసే పంటలు రెండు రాయండి. వాటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?' దిద్దేటప్పుడు ప్రతి జవాబూ ఏ ఊరి పిల్లదో చూసుకుని దిద్దాల్సి వచ్చింది.