ఆశ్రయం కోరేవారికి సంఘం ఇచ్చే ఉత్తరం

“అయ్యగారూ, మా అబ్బాయి అక్కడ ఆశ్రయానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. క్రైస్తవుడైనందుకు హింసించారని లెటర్‌హెడ్ మీద ఒక్క ముక్క రాసివ్వండి.” ఈ మాట మేమూ విన్నాం, తోటి సేవకులూ విన్నారు. ఆ ముక్క రాసే ముందు, చట్టం ఏం అడుగుతుందో సంఘానికి తెలిసి ఉండాలి.

1951 నాటి ఐక్యరాజ్య సమితి శరణార్థుల ఒడంబడిక అయిదు కారణాలు చెబుతుంది: జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఏదో ఒకదాని వల్ల హింస తప్పదన్న సహేతుకమైన భయంతో స్వదేశం బయట ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేనివాడే శరణార్థి. మన దేశం దీనిమీద సంతకం చేయలేదు. అయినా మయన్మార్ నుండి ఢిల్లీకి పారిపోయి వచ్చిన చిన్ క్రైస్తవులను అక్కడి ఐరాస శరణార్థుల కార్యాలయం పరిశీలించి గుర్తింపు కార్డులిచ్చింది.

భయం మనసులో ఉంటే చాలదు, బయట ఆధారమూ కనబడాలి. అలాగని హింస జరిగి తీరుతుందని రుజువు చేయనక్కరలేదు. అవకాశం పదింట ఒక వంతే ఉన్నా భయం సహేతుకం కావచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1987లో చెప్పింది.

అసలు చిక్కు “ఎందుకు” అన్న ప్రశ్న దగ్గర వస్తుంది. పొలం గట్టు తగాదాలో దెబ్బలు తిన్నవాడు విశ్వాసే కావచ్చు. కొట్టింది గట్టు కోసమా, ప్రార్థన కోసమా? అమెరికా చట్టంలో మతం కనీసం ఒక ముఖ్య కారణమై ఉండాలి. ఎగతాళి, చిన్నచూపు బాధాకరమే గాని ప్రతిదీ చట్టం దృష్టిలో హింస కాదు. ప్రార్థన మందిరం తగలబెట్టడం, మళ్లీ మళ్లీ కొట్టడం, ఫిర్యాదు ఇస్తే పోలీసులు తీసుకోకపోవడం వేరే సంగతి. ఆపైన ఇంకో ప్రశ్న ఉంది: సొంత ఊరు వదిలి హైదరాబాదులోనో బెంగళూరులోనో భయం లేకుండా బ్రతకలేరా? మనవాళ్ల దరఖాస్తులు చాలాసార్లు ఆగేది ఇక్కడే.

“విశ్వాసాన్ని దాచుకుని బ్రతకవచ్చుగా” అని మాత్రం అధికారి అనకూడదు. ఐరోపా న్యాయస్థానం 2012లో అలా తీర్పునిచ్చింది. ఆ కేసు పాకిస్తాన్ అహ్మదీయులది, క్రైస్తవులది కాదు. ఆ తీర్పు నీడ మనకూ దొరుకుతుంది.

ఇక ఉత్తరం. రిజిస్టరులో ఉన్న బాప్తిస్మపు తేదీ, ఎన్నేళ్లుగా ఎరుగుదుము, ఆరాధనకు ఎంత క్రమంగా వచ్చేవాడు, మన కళ్లతో ఏం చూశాం, ఇతరులు చెప్పగా ఏం విన్నాం – చూసినది, విన్నది వేరువేరుగా రాయాలి. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి చీటీ ఉంటే నకళ్లు జతచేయాలి. ఒకరి ఉత్తరంలో పేరు మార్చి ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒకే వాక్యాలు పదిమంది ఫైళ్లలో కనబడితే, నిజంగా దెబ్బలు తిన్న పదకొండోవాడినీ అధికారి నమ్మడు.

చాలా ఏళ్ల క్రితం మేము ఒక ఉత్తరంలో “మా కళ్లెదుటే జరిగింది” అని రాశాం. ఆ రోజు మేము ఆ ఊళ్లో లేము. అందుకే ఈసారి వచ్చిన తండ్రికి బాప్తిస్మపు తేదీ, ఆ అబ్బాయి మా ఆరాధనకు వచ్చిన సంవత్సరాలు మాత్రమే రాసిచ్చాం. ఆయన కాగితం రెండుసార్లు చదివి, “ఇంతేనా అయ్యగారూ?” అన్నారు. అంతే మాకు తెలుసని చెప్పాం.