కుస్కో పండగలు, కెమెరా కాల్షీట్లు

పెరూలో, ఆండీస్ పర్వతాల మధ్య, సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో నగరంలో సినిమా తీయాలంటే ప్రొడక్షన్ మేనేజర్ ముందుగా కొన్ని లెక్కలు వేసుకోవాలి. అక్కడి గాలి ఒత్తిడి తీరప్రాంతంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. సముద్రపు ఒడ్డున ఉన్న లిమాలో విమానమెక్కి గంటన్నరలో అక్కడ దిగిన మనిషి, ఆ రోజే లైట్లు మోయబోతే తలనొప్పితో, ఆయాసంతో కూలబడతాడు. అందుకే అనుభవమున్నవాళ్లు యూనిట్‌ను ముందు అయిదారు వందల మీటర్లు కిందున్న ఉరుబాంబా లోయలో దించి, ఒళ్లు అలవాటు పడ్డాక నగరానికి తెస్తారు. నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక కుక్కర్ లేకపోతే అన్నం సరిగా ఉడకదు. పలచని గాలిలో జనరేటర్ కూడా పూర్తి శక్తి ఇవ్వదు. మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం తేటగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి వానలకు పోతాయి. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో సర్దుకోగలిగిన ఇబ్బందులు. కానీ ఆ నగరంలో మూడున్నర శతాబ్దాలుగా బొమ్మలు ఎలా తయారయ్యాయో చూస్తే, షెడ్యూల్‌ను అసలు నిర్ణయించేది ఎత్తూ కాదు, వానా కాదని తెలుస్తుంది. అక్కడి జనం ఏ రోజున, ఏ వేషంలో, ఎవరి పక్కన కనబడటానికి ఒప్పుకుంటారన్నదే అక్కడ మొదటి ప్రశ్న. దానికి జవాబు తెచ్చుకోకుండా వేసిన ప్రణాళిక, ఎంత ఖర్చు పెట్టినా, రాళ్లను మాత్రమే చూపగలదు.

ఇది కెమెరాతో మొదలైన సంగతి కాదు. 1674–1680 ప్రాంతంలో కుస్కోలోని సాంతా ఆనా చర్చి కోసం కార్పస్ క్రిస్టి అనే క్రైస్తవ పండగ ఊరేగింపును వరసగా పెద్ద పెద్ద చిత్రాలుగా గీయించారు. పేటకొకటిగా విగ్రహాలు, వాటి ముందు జెండాలు పట్టిన ఇన్కా ప్రభువుల వారసులు, పక్కన గుంపుగా పేటవాసులు, అడుగున చిత్రానికి డబ్బిచ్చిన దాతల ముఖాలు ఉంటాయి. స్పెయిన్ పాలన వచ్చి నూట నలభై ఏళ్లు దాటినా, ఆ వారసులు పూర్వ రాజుల ఎర్ర కుచ్చుల శిరోభూషణంతోనే ఆ బొమ్మల్లోకి ఎక్కారు. చిత్రాల్లో కనిపించే కొన్ని రథాలు మాత్రం కుస్కో వీధుల్లో ఎన్నడూ తిరిగినవి కావు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో 1663లో అచ్చయిన ఒక ఉత్సవ గ్రంథం నుంచి వాటిని దించారని కళాచరిత్రకారులు తేల్చారు. అంటే సెట్టు దిగుమతి, మనుషులు స్థానికులు. ఆ దిగుమతి వల్ల చిత్రాలు అబద్ధమైపోలేదు. ఎవరు ఎలా కనిపించాలో కనిపించేవారే తేల్చుకున్నారు గనక అవి ఈనాటికీ నగర చరిత్రకు సాక్ష్యంగా నిలిచాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పద్ధతిని అందుకున్నది మార్టిన్ చాంబి. పూనో ప్రాంతపు గ్రామంలో క్వెచువా కుటుంబంలో పుట్టిన ఆయన, 1920ల తొలినాళ్లలో కుస్కోలో స్టూడియో పెట్టి, పైకప్పు అద్దాల్లోంచి దిగే పగటి వెలుగులో, గాజు పలకల మీద పెళ్లివారినీ భూస్వాములనూ కూలీలనూ ఒకే శ్రద్ధతో ఫోటో తీశాడు. ఆయన కుమారుడు మాన్యుయెల్ చాంబి, మిత్రులు లూయిస్ ఫిగెరోవా, యులోగియో నిషియామా, సేసర్ విల్యానుయేవా కలిసి 1955లో కుస్కో సినీ క్లబ్ పెట్టారు. వాళ్ల తొలి లఘుచిత్రాల్లో ఒకటి మళ్లీ ఆ కార్పస్ క్రిస్టి ఊరేగింపు మీదే; తర్వాత కానాస్ కార్నివాల్ మీద మరొకటి. 1961లో ఫిగెరోవా, నిషియామా, విల్యానుయేవా తీసిన ‘కుకులి’ క్వెచువా భాషలో వచ్చిన తొలి కథాచిత్రం. ఎలుగుబంటి మనిషి ఒక పిల్లను ఎత్తుకుపోయే జానపద కథ అది. దాని పతాక ఘట్టం పౌకర్తాంబోలో జూలై నడుమ జరిగే కన్య మేరీ పండగలో నడుస్తుంది. ముసుగుల నృత్యబృందాలు, బాణసంచా, జనసందోహం అన్నీ ఊరివి. ఒక్క టేకు చెడితే మరో ఏడాది ఆగాలి. ఆ షరతుకు ఒప్పుకున్నందుకే అంత జనం, అంత నిజంగా తెర మీదికొచ్చారు. ఫ్రెంచి సినీ చరిత్రకారుడు జార్జ్ సదూల్ ఈ బృందాన్ని ‘కుస్కో స్కూల్’ అన్నాడు.

బయటివారి యూనిట్లు మరో దారి పట్టాయి. 1954 నాటి హాలీవుడ్ చిత్రం ‘సీక్రెట్ ఆఫ్ ది ఇన్కాస్’లో చార్ల్‌టన్ హెస్టన్ మాచు పిచ్చు శిథిలాల మధ్య నిధి వెతుకుతాడు, స్థానికులు ఆ వేటకు అలంకారం. 2010లో తెలుగువారు ‘రోబో’గా చూసిన శంకర్ చిత్రంలో రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ ఆడిపాడిన పాట పేరు ఆఫ్రికాలోని కిలిమంజారో, తీసింది మాచు పిచ్చులో. పాట హుషారుగా ఉంది, చూసినవాళ్లకు గుర్తుంది. కానీ ఆ చోటు గురించి ప్రేక్షకుడికి ఒక్క విషయమైనా తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. 2000 సెప్టెంబరులో అదే మాచు పిచ్చులో ఒక బీరు ప్రకటన తీస్తుండగా క్రేన్ కూలి, ఇన్కాల కాలపు ఇంతివాతానా శిల అంచు విరిగింది. దాన్ని ఒక ప్రమాదమని వదిలేయలేం. చోటు అంటే కెమెరా వెనక పరిచే తెర అనుకుంటే, బరువైన యంత్రాన్ని పూజ్యమైన రాయి పక్కకు తేవడానికి అడ్డేమీ కనబడదు. డెన్నిస్ హాపర్ 1971లో ఇచ్చిన ‘ది లాస్ట్ మూవీ’ ఈ విషయాన్నే కథగా ఎత్తుకుంది. కుస్కో దగ్గరి చించేరోలో తీసిన ఆ చిత్రంలో, అమెరికన్ యూనిట్ వెళ్లిపోయాక ఊరివాళ్లు కర్రలతో కెమెరాలు కట్టి సినిమా తీయడం మొదలుపెడతారు, నిజం దెబ్బలతో.

అనుమతి అంటే ప్రభుత్వ ముద్ర ఒక్కటే కాదనడానికి గట్టి రుజువు బొలీవియాలో ఉంది. హోర్హె సాన్హినేస్ బృందం 1969లో విడుదలైన ‘యావర్ మల్కు’ కోసం కాటా అనే కొండ ఊరికి వెళ్లింది. ఊరిపెద్దతో ముందే మాట్లాడుకున్నారు, నటించినవారికి డబ్బిస్తామన్నారు. అయినా జనం దగ్గరికి రాలేదు. ఒక్కరిని ఒప్పిస్తే ఊరంతా కదులుతుందనుకోవడమే తమ పొరపాటని సాన్హినేస్ తర్వాత రాశాడు. చివరికి బృందమంతా ఊరి ముందు కూర్చుని, పూజారి కోకా ఆకులు పరిచి వీళ్ల మనసులో ఏముందో చూసే క్రతువుకు తలవంచింది. ఆకులు మంచే చెప్పాయి. మర్నాటి నుంచి ఊరు పనిలోకి వచ్చింది. ఆకుల్లో మహిమ ఉందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. పిలుపు వ్యక్తికి అందితే చాలదు, సభకు అందాలి.

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. కుస్కో క్లబ్ వాళ్లు పండగ కోసం కాచుకున్నది డబ్బులేక, సిద్ధాంతంతో కాదు అంటారు. డబ్బులేని మాట నిజమే. కానీ ఆ లేమిలో వాళ్లకు వేరే దారులూ ఉన్నాయి: నలుగురు నటులతో, నాలుగు గోడల మధ్య స్పానిష్‌లో తీసుకోవచ్చు, అదే చవక. రెండో అభ్యంతరం, ‘కుకులి’ కూడా పట్నపు చదువుకున్నవారి జానపద మోజే, క్వెచువా మీద స్పానిష్ వ్యాఖ్యానం పరిచిన సినిమా అని. ఈ విమర్శలో బలముంది. నేను దాన్ని కొట్టెయ్యను. స్థానికుడై పుట్టినంత మాత్రాన చూపు శుభ్రపడదు. అయితే వ్యాఖ్యానం అడ్డు లేనిచోట, పండగ తన నడకలో తాను నడిచినచోటే ఆ చిత్రం లేచి నిలబడుతుందన్నది నా వాదనకే బలం. మూడోది అన్నిటికంటే పదునైనది. జూన్ 24న సాక్సాయ్‌వామన్ కోట దగ్గర జరిగే ఇంతి రాయ్మీ సూర్యోత్సవమే ఒక ప్రదర్శన కదా, 1944లో నగర మేధావులు పాత చరిత్రగ్రంథం చూసి మళ్లీ మొదలుపెట్టినదే కదా, ఇక దాని ముందు వినయమెందుకు? ప్రదర్శనే. అయితే ఆ ప్రదర్శనకు క్వెచువాలో మాటలు రాసుకున్నదీ, ఆడేదీ, ఏటా నిలబెట్టుకున్నదీ ఆ నగరమే. సాంతా ఆనా చిత్రాల్లోని వాలెన్సియా రథాలకు వర్తించిన న్యాయమే దీనికీ వర్తిస్తుంది.

ఇక్కడ ప్రణాళిక వేసేవాడికి అసలు చిక్కు ఎదురవుతుంది. కెమెరాకు నచ్చే తేట ఆకాశం మే, జూన్, జూలైల్లో ఉంటుంది. కార్పస్ క్రిస్టి, ఇంతి రాయ్మీ, పౌకర్తాంబో పండగ వచ్చేదీ అప్పుడే. కోతలయ్యాక, వానలు వెళ్లాక పండగలు పెట్టుకోవడం ఏ రైతు సమాజానికైనా సహజం. కనుక జూన్‌లో నగర నడిబొడ్డున పెద్ద చౌకును ఖాళీ చేయించి డ్యూయెట్ తీద్దామనుకున్న యూనిట్ నగరంతో తగువు పెట్టుకున్నట్టే. ఒకటి, షెడ్యూల్‌ను ఆగస్టు చివరికి జరుపుకోవాలి. లేదా పండగను కథలోకి రానిచ్చి, దాని నడకలో తీయాలి. రెండో దారి ఎంచుకుంటే మాట్లాడవలసింది ‘కార్గుయోక్’ అనే ఉత్సవ కర్తలతో. వాళ్లు సాధారణంగా ఏడాది ముందే, గత పండగలోనే, భారం ఎత్తుకుని ఉంటారు; బాజాలు, భోజనాలు, వేషాలు వాళ్ల ఖర్చే. అందువల్ల వచ్చే జూన్‌లో తీయదలచిన సినిమాకు రెక్కీ ఈ జూన్‌లోనే జరగాలి, కెమెరా లేకుండా.