సాపు ప్రతి

మా పిన్ని చేతివేళ్ళు ఇప్పటికీ ఊరుకోవండీ. టీవీ ముందు కూచున్నా సరే, ఒళ్ళో దిండు మీద టకటకమని ఏదో కొడుతూనే ఉంటాయి. "ఏం టైపు చేస్తున్నావు పిన్నీ?" అంటే, "ఏమోనే, వేళ్ళకి తెలుసు, నాకు తెలీదు" అని నవ్వేస్తుంది.

చీమకుర్తిలో గ్రానైటు క్వారీలు జోరందుకున్న రోజుల్లో, అంటే 1990ల మొదట్లో, పిన్ని ఒక రాళ్ళ కంపెనీ ఆఫీసులో టైపిస్టు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేది. రాయి కంటే ముందు కాగితాలు పోవాలిగా! ఒక్కో కాగితానికి నాలుగు కార్బన్ కాపీలు. కొలతల దగ్గర ఒక్క అంకె తప్పు పడిందా, కాగితం లాగి పారేసి మళ్ళీ మొదటినుంచీ కొట్టాల్సిందే. బడి వదిలాక నేను వెళ్ళి పిన్ని పక్కన స్టూలు మీద కూచునేదాన్ని. చెత్తబుట్టలో పడ్డ ఆ కాగితాల వెనకవైపే నా మొదటి కథలు రాసుకున్నాను.

కొన్నాళ్ళకు ఆ ఆఫీసుకు ఎలక్ట్రానిక్ టైపు మిషను వచ్చింది. దాని నుదుట చిన్న కిటికీ. కొట్టిన వరస ముందు అందులో కనబడేది. తప్పుంటే దిద్దుకుని, ఆ తర్వాతే కాగితం మీదికి పంపొచ్చు. రోజూ రాసే ఉత్తరాలను దాని పొట్టలో దాచుకోవచ్చు. "మిషనుకి జ్ఞాపకశక్తి వచ్చిందే!" అని పిన్ని ఆ సాయంత్రం వీధంతా చెప్పింది.

ఆ జ్ఞాపకశక్తి ఎక్కడ పుట్టిందా అని ఈ మధ్య పుస్తకాలు తిరగేస్తుంటే, నాకు ఇద్దరు స్త్రీలు తారసపడ్డారు. వాళ్ళ సంగతి మీకు చెప్పాలనే ఈ నాలుగు మాటలూ.

ముందు మిషను సంగతి. అంకెల్ని లెక్కగట్టినట్టే మాటల్నీ మిషను చేత సర్దించవచ్చుననే ఆలోచనకు పేరు పెట్టినవాడు ఉల్రిక్ స్టైన్‌హిల్పర్ అనే జర్మన్. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన యుద్ధవిమానం నడిపాడు. 1940లో ఇంగ్లండులో విమానం కూలి బందీగా దొరికిపోయాడు. యుద్ధం ముగిశాక ఐ.బి.ఎం.లో చేరి టైపు మిషన్లు అమ్మాడు. 1950లలో ఆయన వాడిన జర్మన్ మాటే తర్వాత ఇంగ్లీషులో 'వర్డ్ ప్రాసెసింగ్' అయిందంటారు.

1961లో ఐ.బి.ఎం. వాళ్ళు 'సెలెక్ట్రిక్' అనే మిషను తెచ్చారు. అక్షరాల కడ్డీలకు బదులు, అక్షరాలన్నీ చెక్కిన చిన్న బంతి గిర్రున తిరుగుతూ కాగితాన్ని తాకేది. 1964లో ఆ మిషనుకే పక్కన ఒక పెట్టె తగిలించి, అందులో అయస్కాంతపు టేపు పెట్టారు. మనం పాటలు విన్న క్యాసెట్టు టేపు లాంటిదే అనుకోండి. టైపిస్టు కొట్టే ప్రతి అక్షరమూ కాగితం మీదా పడుతుంది, టేపు మీదా పడుతుంది. తప్పు కొడితే వెనక్కి జరిపి దాని మీదే ఒప్పు కొట్టడమే. కాగితం అలుక్కుపోతుంది గానీ, టేపు మీద మాత్రం తప్పు చెరిగి ఒప్పే మిగులుతుంది. అంతా అయ్యాక తెల్లకాగితం ఎక్కించి మీట నొక్కితే, నిమిషానికి సుమారు 150 మాటల వేగంతో మిషనే సాపు ప్రతి కొట్టిపెడుతుంది. మధ్యలో మాట చేర్చినా తీసేసినా వరసల చివర్లు అదే సర్దుకుంటుంది. తెర లేదు, బొమ్మ లేదు. ఎక్కడేముందో గుర్తుపెట్టుకోవడం మాత్రం టైపిస్టు పనే. ఖరీదంటారా, దాదాపు 10,000 డాలర్లు.

ఇక మొదటావిడ. లండన్‌లో లెన్ డైటన్ అనే నవలాకారుడి దగ్గర ఎలెనర్ హ్యాండ్లీ సెక్రటరీగా ఉండేది. ఆయనేమో రాసిందే రాసి, దిద్దిందే దిద్దే మనిషి. ఒక్కో అధ్యాయాన్ని ఆవిడ పదుల సార్లు తిరిగి టైపు చేయాల్సి వచ్చేదట. ఆఫీసు మిషన్లు బాగుచెయ్యడానికి వచ్చిన ఐ.బి.ఎం. మనిషి ఆ అవస్థ చూసి, కొత్త టేపు మిషను సంగతి చెప్పాడు. 1968లో డైటన్ దాన్ని ఇంటికి తెప్పించాడు. దాని బరువు 90 కిలోలు! గుమ్మంలో పట్టక, కిటికీ ఊడదీసి క్రేనుతో పైకెక్కించారు. మన ఇళ్ళల్లో బీరువా ఎక్కించడం గుర్తొచ్చిందా?

ఆ మిషనుకు రెండు టేపులు. పాత టేపు తిరుగుతూ ఉంటే, మార్పు చేయాల్సిన చోట ఎలెనర్ ఆపి, కొత్త వాక్యాలు కొట్టేది. పాతా కొత్తా కలిసి రెండో టేపు మీదికి ఎక్కేవి. అట్లా తయారైన 'బాంబర్' నవల 1970లో వచ్చింది. 1943లో జర్మనీ మీద జరిగినట్టుగా అల్లిన ఒక బాంబుదాడి, ఒక పగలూ రాత్రీ నడిచే కథ. వర్డ్ ప్రాసెసర్ మీద తయారైన మొట్టమొదటి నవల ఇదేనని మాథ్యూ కిర్షెన్‌బామ్ అనే అమెరికన్ ప్రొఫెసరు 2016లో తన పుస్తకంలో నిర్ధారించాడు. నవల డైటన్‌దే, సందేహం లేదు. కానీ ఆ మిషను ముందు కూచున్న మనిషి ఎలెనర్.

రెండో ఆవిడ ఎవలిన్ బెరెజిన్. 1925లో న్యూయార్క్‌లో, రష్యా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. ఫిజిక్సు చదివి కంప్యూటర్ల తయారీలోకి వచ్చింది. 1960లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో పెద్ద ఉద్యోగం ఇస్తామని, ఆనక వెనక్కి తీసుకున్నారు. కారణమేమిటో తెలుసా? ఆ హాల్లో మగవాళ్ళు మాట్లాడే భాష ఆడవాళ్ళ చెవిన పడదగ్గది కాదట! ఆడదాన్ని ఎవరూ పెద్ద పదవిలో కూచోబెట్టరని తేలిపోయి, 1969లో తనే 'రెడాక్ట్రాన్' అనే కంపెనీ పెట్టుకుంది. 1971లో 'డేటా సెక్రటరీ' అనే మిషను బజార్లోకి పంపింది. చిన్న ఫ్రిజ్ అంత పెట్టె, దానికి టైపు మిషను, లోపల 13 చిప్పులు. వాటిలో కొన్నింటిని ఆవిడే రూపొందించింది. ధర 8,000 డాలర్లు. దాదాపు 10,000 మిషన్లు అమ్మి, 1976లో కంపెనీని బరోస్ వాళ్ళకు ఇచ్చేసింది. అదే ఏడు వాంగ్ కంపెనీ తెర ఉన్న మిషను తెచ్చింది. కొట్టింది కళ్ళముందు కనబడేసరికి, తెర లేని మిషన్లకు రోజులు దగ్గరపడ్డాయి.

బెరెజిన్ 2018లో, 93వ ఏట కన్నుమూసింది. అంతకు ఏడాది ముందు ఒకరు అడిగారు: మీ మిషను వల్ల సెక్రటరీల ఉద్యోగాలు పోతాయని అనుకోలేదా అని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ ఆలోచనే తట్టలేదు అందావిడ. విసుగు పుట్టించే పని తప్పిస్తున్నానని మాత్రమే అనుకుందట. ఈ మాట చదివినప్పుడు నాకు పిన్నే గుర్తొచ్చింది.

1998లో ఆ రాళ్ళ కంపెనీకి కంప్యూటరు వచ్చింది. ముగ్గురు టైపిస్టులున్న చోట ఒక్క కుర్రాడు చాలన్నారు. పిన్నికి ఇంగ్లీషే కాదు, తెలుగు టైపూ వచ్చు. అది ఎంత కష్టమో నేర్చుకున్నవాళ్ళకే ఎరుక. ఇంగ్లీషుకు 26 అక్షరాలతో పోతుంది. మనకు గుణింతాలు, తలకట్లు, ఒత్తులు, అన్నీ ఆ నలభై చిల్లర కీలలోనే ఇమడాలి. కొన్ని కీలు నొక్కితే బండి జరగదు. గుర్తు పడి, దానికి జతగా తర్వాతి అక్షరం పడుతుంది. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక ఆఫీసుల్లో ఈ విద్యకు విలువ పెరిగింది. 1991లో పలు భారతీయ లిపులకు 'ఇస్కీ' అనే ఒకే ప్రమాణం ఏర్పడింది. ఆ ఏడే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకూ చోటు దొరికింది. ఇప్పుడు క కొట్టి, హలంతు కొట్టి, మళ్ళీ క కొడితే, ఒత్తు మిషనే కట్టుకుంటుంది. పిన్ని ఏళ్ళ తరబడి వేళ్ళకు నేర్పిన పనితనం మొత్తం మిషను కడుపులోకి వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోయాక పిన్ని కుట్టుమిషను కొనుక్కుంది. 2009లో నా మొదటి నవలను తన చేత్తో మూడుసార్లు సాపు రాసిపెట్టింది. నా చేతిరాత నాకే అర్థం కాదు లెండి. నవల అచ్చయింది, నా పేరు పెద్దక్షరాల్లో పడింది. పిన్ని పేరు ఎక్కడా లేదు. అడగలేదు కూడా. నాకూ తోచలేదు. బెరెజిన్‌ను తప్పుపట్టే అర్హత నాకెక్కడిది చెప్పండి?

ఈమధ్య ఆ నవల మళ్ళీ అచ్చుకు వెళుతుంటే, మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను: ఈ నవలను మూడుసార్లు సాపు రాసింది మా పిన్ని అని, పేరుతో సహా. నేనే లాప్‌టాప్ మీద కొట్టి, ప్రూఫు కాగితం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను.

"ఏందే అమ్మాయ్, నా పేరులో ఒత్తు పడలా" అంది. "మళ్ళీ కొట్టు."